డప్పుకు తోడు ఏ పాట?

నల్లకుంట హైదరాబాదులో పాత పేట. ఒక పక్క ఫీవర్ ఆసుపత్రి ఉంది. ఇంకో పక్క శంకర మఠం ఉంది. పొద్దున్నే కూరగాయల మార్కెట్ సందడి. విద్యానగర్, అడిక్‌మెట్ దాటితే ఉస్మానియా యూనివర్సిటీ. ఆ తర్వాత తార్నాక.

ఈ పేటలో ఒక చిన్న బస్తీ. ఆ బస్తీలో ఐదుగురు కుర్రవాళ్లు డప్పు నేర్చుకుంటున్నారు. ఒకడు మార్కెట్లో మూటలు దించుతాడు. ఒకడు స్కూటర్ మెకానిక్ దగ్గర పని చేస్తాడు. ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు. ఐదోవాడికి ఇంకా పని దొరకలేదు. వీళ్లకు డప్పు నేర్పే పెద్దాయన నల్లగొండ జిల్లా నుంచి వచ్చాడు. అందరూ ఆయన్ని మామ అంటారు.

కిందటి ఏడు ఆషాఢంలో బోనాలు తీశారు. ముందు డప్పులు. వెనక బోనం ఎత్తుకున్న ఆడవాళ్లు. గల్లీ మొదట్లో దరువు బాగానే ఉంది. పోను పోను జోరు పెరిగింది. కుర్రవాళ్లకు హుషారు వచ్చింది. చేతులు ఉరికాయి. వెనక బోనం ఎత్తుకున్న అక్క అడుగు తడబడింది. నెత్తి మీద కుండ. కుండలో అన్నం. పైన దీపం. పక్కనున్న వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

"ఏందిరా గా ఉరుకుడు? బోనం ఎత్తుకున్న ఆడమనిషి మీ ఎంబడి ఉరుకుతదా?" అని ఆమె అందరి ముందే అడిగింది.

కుర్రవాళ్లకు కోపం వచ్చింది. తాము ఉరకలేదని వాదించారు. ఎవరో ఫోనులో తీసిన వీడియో బయటికి వచ్చింది. వాళ్లలో ఒకడి చెల్లెలు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆ అమ్మాయి వీడియో చూస్తూ లెక్క పెట్టింది. మొదట్లో పదిహేను సెకన్లకు 21 దెబ్బలు పడ్డాయి. గుడి దగ్గర పదిహేను సెకన్లకు 29 పడ్డాయి. నిమిషంలో నాలుగు పదిహేనులు ఉంటాయి. కాబట్టి 21ని 4తో హెచ్చిస్తే 84. 29ని 4తో హెచ్చిస్తే 116. అంటే 84తో బయలుదేరిన దరువు 116కు చేరింది. ఇక ఎవరూ వాదించలేదు.

చేయి ఎందుకు ఉరుకుతుంది? ఇది ఒక్క ఈ కుర్రవాళ్ల సంగతి కాదు. కొత్తగా నేర్చుకునే వాళ్లందరికీ ఇంతే. గట్టిగా కొడితే వేగం తెలియకుండానే పెరుగుతుంది. సంతోషం వచ్చినా పెరుగుతుంది. చుట్టూ జనం ఉంటే ఇంకా పెరుగుతుంది. కష్టమైన దరువు వచ్చినప్పుడు మాత్రం తగ్గుతుంది. కొట్టేవాడికి ఇదేమీ తెలియదు. వాడి మనసు కూడా చేతితో పాటే ఉరుకుతుంది కదా. తన తప్పు తనకు వినపడాలంటే పక్కన ఉరకనిది ఒకటి ఉండాలి.

గోడ గడియారం ఉరకదు. దాని టిక్కు నిమిషానికి 60 సార్లు పడుతుంది. మామ మొదటి వారం గడియారం కిందనే కూర్చోబెట్టాడు. టిక్కుకు ఒక దెబ్బ. అంతే. ఐదు నిమిషాలకే కుర్రవాళ్లకు విసుగు పుట్టింది. టిక్కు మంచిదే. కానీ టిక్కుతో ఎంతసేపని కూర్చుంటారు? దానికి రాగం లేదు, మాట లేదు. అందుకే పాట కావాలి. రికార్డు చేసిన పాట కూడా గడియారం లాంటిదే. అది అలసిపోదు. మన కోసం ఆగదు. మనం ఉరికితే అది వెనక పడుతుంది. వెంటనే చెవికి తెలుస్తుంది.

"అయితే ఏం పాట పెట్టాలె మామా?"

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుర్రవాళ్లు మొదట పెట్టింది ‘నాటు నాటు’. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమాలోది. చంద్రబోస్ రాశాడు, కీరవాణి స్వరపరిచాడు. పాడిన ఇద్దరిలో రాహుల్ సిప్లిగంజ్ మన హైదరాబాదు వాడే. 2023 మార్చిలో దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. డప్పు చప్పుడుంది, పేరుంది, హుషారుంది. ఇంకేం కావాలి?

ఆ పాట నడక ఆరు చిన్న దెబ్బలది. మూడు, మూడు. తకిట, తకిట. నడక మంచిదే. వేగమే కొత్త చేతికి అందదు. కుర్రవాళ్లు సగం దెబ్బలు మింగేశారు. చేయి బిగుసుకుపోయింది. మామ నవ్వాడు. "బిడ్డా, నడక రానోడు పరుగు పందెంల దిగినట్లున్నది" అన్నాడు.

పాట ఎంచుకునే ముందు నడక తెలియాలి. మన పాటల్లో ఎక్కువ కనిపించే నడకలు రెండు. ఒకటి నాలుగు దెబ్బలది. తక ధిమి. దీన్ని సంగీతం వాళ్లు చతురస్రం అంటారు. రెండోది మూడు దెబ్బలది. తకిట. దీన్ని తిశ్రం అంటారు. ఐదు, ఏడు, తొమ్మిది దెబ్బల నడకలు కూడా ఉన్నాయి. వాటి పేర్లు ఖండం, మిశ్రం, సంకీర్ణం. కొత్తవాళ్లు వాటి జోలికి పోనక్కరలేదు.

ఏ పాటది ఏ నడకో కాళ్లతో తెలుసుకోవచ్చు. పాట పెట్టండి. చిన్న దెబ్బ ఒక్కోదానికి ఒక్కో అడుగు వేయండి. పాట వేగంగా ఉంటే నిలబడిన చోటే అడుగులు మార్చండి. పాటలో బరువు దెబ్బ ఎప్పుడు పడుతుందో వినండి. అది ప్రతిసారీ ఒకే కాలి మీద పడితే నాలుగు నడక. ఒకసారి కుడికాలు మీద, ఇంకోసారి ఎడమకాలు మీద పడితే మూడు నడక. ఎందుకో వేళ్ల మీద లెక్క పెట్టుకోండి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగు అయిపోయాయి. మళ్లీ మొదలు కుడే. అదే మూడైతే కుడి, ఎడమ, కుడి. ఇప్పుడు మొదలు ఎడమ అవుతుంది. మెకానిక్ కుర్రాడికి ఇది నోటితో చెబితే అర్థం కాలేదు. నాలుగడుగులు వేయగానే అర్థమైంది.

నోటితో అనడం కూడా మంచి అలవాటు. ‘డండనక’ అని అందరం అంటాం. విడదీసి పలకండి. డం, డ, న, క. నాలుగు వచ్చాయి. డం దగ్గర కుడిచేతి సిర్ర డప్పు నడిమధ్య పడాలి. అది బరువు దెబ్బ. ఎడమచేతిలో చిటికెన పుల్ల ఉంటుంది. దాని చప్పుడు సన్నగా పైన వినిపిస్తుంది. నోరు పలకలేని దరువును చేయి కొట్టలేదు. పాటతో పాటు దరువును నోటితో అనగలిగారా? అయితే ఆ పాట వేగం మీకు సరిపోతుంది. నాలుక మడత పడిందా? ఆ పాటను పక్కన పెట్టండి. ఇంతకంటే తేలిక పరీక్ష ఇంకోటి లేదు.

వేగం కొలవడం చెల్లెలు నేర్పింది. గడియారం చూస్తూ పదిహేను సెకన్లు చప్పట్లు కొట్టాలి. వచ్చిన లెక్కను నాలుగుతో హెచ్చించాలి. 20 చప్పట్లు వస్తే 80. ఇక్కడ ఒక తమాషా జరిగింది. ఒకే పాటకు ఒకడికి 80 వచ్చింది, ఇంకొకడికి 160 వచ్చింది. ఇద్దరూ కొట్టుకునేదాకా పోయారు. ఇద్దరిదీ తప్పు కాదు. ఒకడు పెద్ద దెబ్బకు చప్పట్లు కొట్టాడు. రెండోవాడు మధ్యలో చిన్న దెబ్బకు కూడా కొట్టాడు. అందరూ ఒకే దెబ్బను లెక్క పెట్టాలి.

కొత్తవాళ్లకు 70 నుంచి 90 మధ్య పాట మంచిది. అంతకంటే మెల్లగా ఉన్నది తేలిక అనుకుంటారు. కాదు. మెల్లని పాటలో దెబ్బకు దెబ్బకు మధ్య ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీలో చేయి ఆగలేక ముందే పడిపోతుంది. ఆ మాటకొస్తే, మెల్లగా నిలకడగా కొట్టేవాడే పనివాడు.

ఈ కుర్రవాళ్లకు ఏ వేగం కావాలి? మామ దీనికి సినిమా వైపు చూడలేదు. బోనం ఎత్తుకున్న అక్కనే పిలిచాడు. నెత్తి మీద నీళ్ల బిందె పెట్టుకుని గల్లీలో నడవమన్నాడు. చెల్లెలు అడుగులు లెక్క పెట్టింది. పదిహేను సెకన్లకు 20, ఒక్కోసారి 21. అంటే నిమిషానికి 80 నుంచి 84. "గిదీ మీ పాట వేగం. ఆమె కాలు చెప్పింది, ఇంక ఎవర్నీ అడగకుండ్రి" అన్నాడు మామ. అప్పుడు ఫోనులో 80, 84 దగ్గర ఉండే పాటలు వెదికారు. నాలుగు నడక పాటలు మూడు దొరికాయి. మూడు నడకది ఒకటి దొరికింది. నెల రోజులు ఆ నాలుగే.

నాలుగు పాటలేనా అని మీరు అడగవచ్చు. నాలుగు చాలు. రోజుకో కొత్త పాట పెడితే మనసు పాట మీదికి పోతుంది, చేతి మీద ఉండదు. కంఠతా వచ్చిన పాట అయితే తర్వాత ఏమొస్తుందో ముందే తెలుసు. చెవి దరువు మీదనే ఉంటుంది. నాలుగు నిమిషాల పాటలో 84 చొప్పున 336 పెద్ద దెబ్బలు పడతాయి. ఒకే పాట పదిసార్లు వింటే 3,360. చేతికి అన్నం పెట్టేది ఈ లెక్కే.

వేగమైన పాట మీద మనసు పడితే దానికీ ఒక ఉపాయం ఉంది. యూట్యూబులో పాట వేగం తగ్గించే వీలుంది. ముప్పావు వేగం, సగం వేగం పెట్టుకోవచ్చు. ముప్పావు దాకా బాగానే ఉంటుంది. సగానికి దించితే గొంతు సాగిపోయి దయ్యం పాడినట్లు ఉంటుంది. దానికంటే మెల్లని పాట వేరేది చూసుకోవడమే నయం. చేయి కుదిరాక వేగం పెంచాలి. ఒకేసారి పెంచవద్దు. 84 నుంచి 90, అక్కడి నుంచి 95. అలా.

దరువు గట్టిగా వినిపించే పాటే మంచిదని కుర్రవాళ్లు అనుకున్నారు. అదీ నిజం కాదు. పాటలో డప్పులు, ఢోళ్లు, యంత్రం చప్పుళ్లు నిండి ఉంటే మీ దెబ్బ అందులో మునిగిపోతుంది. మీది తప్పినా తెలియదు. ఒక గొంతు, ఒక తాళం, ఒక వాయిద్యం ఉన్న పాటలో మీ దెబ్బకు చోటుంటుంది. అందుకే మామకు జానపద పాటలంటే ఇష్టం. ఆకాశవాణిలో జానపద గీతాలు వస్తే చెవి అటే వేస్తాడు. కానీ రేడియోలో పాట మళ్లీ రాదు. వినడానికి రేడియో, సాధనకు ఫోను.

ఇంకో తేడా ఉంది. ఇప్పటి సినిమా పాటలు ఎక్కువగా యంత్రం టిక్కు పెట్టుకుని రికార్డు చేస్తారు. వేగం మొదటి నుంచి చివరి దాకా మారదు. పాత పాటల్లో వాయిద్యాల వాళ్లంతా కలిసి కూర్చుని వాయించేవారు. అక్కడక్కడా వేగం కాస్త ఊగుతుంది. మొదట యంత్రం పాటతో చేయి కట్టుకోవాలి. తర్వాత పాత పాటతో ఊగడం నేర్చుకోవాలి.

భజన పాటల సంగతి చూడండి. శ్రీరామనవమికి గుళ్లో తాళాలు, చిడతలతో భజన చేస్తారు. నడక స్పష్టంగా ఉంటుంది. కొత్తవాళ్లకు ఇదే సరి అనిపిస్తుంది. కానీ భజన మెల్లగా మొదలై చివర్లో జోరందుకుంటుంది. అది భజనకు అందం. ఉరికే చేతికి మాత్రం అది విషం. చేయి నిలబడిన తర్వాతే భజన పట్టాలి.

హైదరాబాదులో పుట్టి పెరిగిన వాళ్లకు ఇంకో దరువు చిన్నప్పటి నుంచీ చెవిలో ఉంటుంది. అదే తీన్‌మార్. తీన్ అంటే మూడు. మార్ అంటే దెబ్బ. ఇది మర్ఫా వాయిద్యం నుంచి వచ్చింది. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి, అరబ్బు దేశం యెమెన్ నుంచి వచ్చిన సిపాయిలు ఇక్కడ స్థిరపడ్డారు. ఆఫ్రికా సిపాయిలు ఉన్న చోటును ఇప్పటికీ ఏసీ గార్డ్స్ అంటారు. వాళ్లు తెచ్చిన మర్ఫా ముస్లింల పెళ్లిళ్లలో మోగింది. తర్వాత హిందువుల బారాత్‌లకు, బోనాలకు, గణపతి ఊరేగింపులకు వచ్చింది. దానికి చిందేయని హైదరాబాదీ ఉండడు. ఏ దరువు ఎవరిదని గిరి గీయడం ఈ ఊళ్లో కుదరదు. అయితే తీన్‌మార్‌తో సాధన మొదలుపెట్టడం మామకు ఇష్టం లేదు. "గది ఇంటే కాళ్లు ఆగయి. చేతిని ఎవడు చూస్తడు?" అంటాడు.

మార్కెట్లో పని చేసే కుర్రాడి ఇంట్లో ఒక గొడవ వచ్చింది. వాళ్లమ్మకు కొడుకు డప్పు పట్టడం ఇష్టం లేదు. "మీ తాత జీవితమంత కొట్టిండు. సావుకు కొట్టిండు, చాటింపుకు కొట్టిండు. గింజలు ఇస్తే తీసుకునుడు, ఇయ్యకపోతే లేదు. నువ్వూ గదే చేస్తవా?" అని ఏడ్చింది.

ఆమె మాటలో అబద్ధం లేదు. ఊళ్లలో డప్పు కొట్టే పని మాదిగ కులం మీద పెట్టారు. చాలాచోట్ల అది వెట్టిపని. కూలి అడిగే హక్కు లేదు. డప్పు లేనిదే జాతర లేదు, పెళ్లి లేదు, చావు లేదు. కానీ కొట్టే మనిషిని గడప లోపలికి రానివ్వలేదు.

అదే డప్పు తర్వాత వేరే పనులు చేసింది. 1990లో భారత జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిరిగింది. ఆ రోజుల్లో అక్షరాస్యత కళాజాతాలు ఊరూరా డప్పు కొట్టి జనాన్ని రాత్రి బడికి పిలిచాయి. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. దండోరా అంటేనే డప్పు చాటింపు. ఎవరి చాటింపో చాటిన డప్పు తన మాటే తాను చాటుకుంది. 2002 నుంచి తెలంగాణ ధూంధాం సభల్లో మోగింది. 2009లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థుల చేతుల్లో మోగింది. అప్పుడు అన్ని కులాల పిల్లలూ పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు.

మామ ఆ తల్లికి ఈ చరిత్రంతా చెప్పలేదు. ఒక్క మాట చెప్పాడు. "వదినా, కూలి మాట్లాడకుండ నా పిల్లలు సిర్ర పట్టరు. అడ్వాన్సు చేతిల పడ్డంకనే డప్పు కాస్తరు." తల్లి వెంటనే ఒప్పుకోలేదు. కొడుకు విద్యానగర్‌లో పెళ్లికి పోయి తెచ్చిన డబ్బు చేతిలో పెట్టాడు. ఆ రోజు ఏమీ అనలేదు. కూలి అడగాలంటే పని గట్టిగా రావాలి. పెళ్లివాళ్లు ఒకసారి పిలుస్తారు. దరువు నిలబడితేనే రెండోసారి పిలుస్తారు. పాటతో సాధన అనేది సరదా ముచ్చట కాదని కుర్రవాళ్లకు అప్పుడు తెలిసింది.

ఇంక కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. డప్పు చప్పుడులో ఫోను వినపడదు. అప్పుడు కొందరు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి పూర్తిగా పెంచుతారు. ఇది చాలా చెడ్డ అలవాటు. తర్వాత చెవిలో గుయ్యిమని మోత వస్తే చెవి దెబ్బతింటున్నట్లు. చప్పుడు పెంచవద్దు, డప్పునే తగ్గించండి. మడత పెట్టిన గోనెసంచి మీద, పాత టైరు మీద పుల్లలతో కొట్టండి. ఫోను గొంతు బాగా వినిపిస్తుంది. డప్పు కాచే పని కూడా ఉండదు. ఆషాఢంలో గాలి తేమకు తోలు వదులవుతుంది. మంట మీద కాస్తేనే గట్టిపడుతుంది. రోజూ ఒక పూట కాచి, చల్లారాక మళ్లీ కాచి, ఎంతని కాస్తారు? ఇప్పుడు ఫైబర్ డప్పులు వచ్చాయి. వాటిని కాచనక్కరలేదు. మామకు వాటి గొంతు నచ్చదు. అది వేరే సంగతి.

ఫీవర్ ఆసుపత్రి దగ్గరలోనే ఉంది. ఆసుపత్రికి, బడికి చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్దంగా ఉండాలని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట వాయిద్యాలు మోగించకూడదు. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్లలుంటారు. గోనెసంచి సాధనకు ఏ నియమం అడ్డు రాదు.

పాటతో చేయి కుదిరిందా లేదా? దానికి మామ పెట్టిన పరీక్ష ఇది. పాట నడుస్తుంది. అందరూ కొడుతుంటారు. చెల్లెలు ఉన్నట్టుండి ఫోను చప్పుడు పూర్తిగా తగ్గిస్తుంది. పాట లోపల నడుస్తూనే ఉంటుంది. ఎవరికీ వినపడదు. కుర్రవాళ్లు ఆపకుండా కొట్టాలి. పది సెకన్ల తర్వాత చప్పుడు పెంచుతుంది. పాట, దరువు కలిసి ఉన్నాయా? మొదటిసారి ఐదుగురూ పాట కంటే ముందున్నారు. మూడు వారాలకు ముగ్గురు నిలబడ్డారు. డిగ్రీ చదివే ఒకడు ఇంకా ముందుకే పోతున్నాడు. వాడిని మళ్లీ గడియారం కిందికి పంపాడు మామ.

ఆ తర్వాత పాట మనిషి గొంతులోకి మారింది. అక్క బతుకమ్మ పాట ఎత్తుకుంది. నలుగురు ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టారు. మనిషి గొంతు ఊపిరి తీసుకుంటుంది. ఒక చోట ఆగుతుంది. నవ్వు వస్తే సాగుతుంది. ఇక్కడ డప్పు ముందు నడవకూడదు. చప్పట్ల వెంట నడవాలి. మామ వాళ్లను చప్పట్టుకు ఒక్క దెబ్బే కొట్టమన్నాడు. రెండో దెబ్బ వేసినవాడి చేతిలోంచి సిర్ర లాక్కున్నాడు.

చేసి చూడండి

మీ ఇంట్లో అందరికీ వచ్చిన పాట ఒకటి అనుకోండి. దానికి పదిహేను సెకన్లు చప్పట్లు కొట్టి లెక్క రాయండి. నాలుగుతో హెచ్చించండి. ఆ పాటకు అడుగులు వేసి, నడక మూడో నాలుగో రాయండి. తర్వాత మీ ఇంట్లో ఒకరిని నీళ్ల బిందెతో నడవమనండి. వాళ్ల అడుగులు కూడా అలాగే లెక్క కట్టండి. రెండు లెక్కలూ పక్కపక్కన రాసి, ఆ పాట వాళ్ల ముందు కొట్టడానికి పనికొస్తుందో లేదో చూడండి.